గాజు గిన్నె అడుగు చూడటం నేర్చుకో

చి. సౌజన్యకు,

ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోలు చూశాను. మధ్యలో ఎరుపు, చుట్టూ మందంగా రంగులేని గాజు, అంచులు రెక్కల్లా సాగదీసిన గిన్నె. షాపువాళ్లు "మురానో" అని, అంటే ఇటలీలో వెనిస్ దగ్గర గాజుకు పేరుపడ్డ దీవి పేరు, చీటీ అంటించారన్నావు. సెకండ్ హ్యాండ్ షాపుల్లో రంగుల గాజు ఏది కనిపించినా ఆ చీటీ పడుతుంది కాబట్టి దాన్ని పక్కన పెట్టు. ఫొటోలన్నీ పైనుంచి ముచ్చటగా తీశావు కానీ, అడుగు చూపించేది ఒక్కటీ లేదు. గాజు పుట్టుపూర్వోత్తరాలు తెలిసేది అక్కడే.

ముందు కడుగు. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, మెత్తటి నైలాన్ బ్రష్ చాలు. మందపాటి గాజు మీద వేడినీళ్లు పోస్తే పగలొచ్చు. స్టిక్కర్ ఉంటే తడపకు, అది పోతే ఒక సాక్ష్యం పోయినట్టే. లోపల తెల్లగా పట్టిన సున్నం పొర మీద తెల్ల వెనిగర్ పోసి రాత్రంతా వదిలెయ్. అప్పటికీ పోకపోతే అది మరక కాదు, గాజే పాడైపోయిందని అర్థం. అలాంటిదానికి పూర్తి ధర పెట్టకు.

ఇప్పుడు బోర్లించి చూడు. ఊదిన గాజును మూతి దిద్దడానికి అడుగున ఒక ఇనప కడ్డీ అతికిస్తారు. పని అయ్యాక కడ్డీని తట్టి విడగొడితే మచ్చ మిగులుతుంది. దాన్నే పాంటిల్ అంటారు. గరుగ్గా వదిలేసిన మచ్చ ఉంటుంది, సానబట్టి గుండ్రటి నున్నటి గుంటలా మార్చినది ఉంటుంది, మళ్లీ మంటకు చూపి కరిగించినది ఉంటుంది. కొన్నిచోట్ల అడుగు మొత్తం చదునుగా కోసి పాలిష్ పెడతారు. మురానోలో రంగు మీద రంగు ముంచి చేసే సొమ్మెర్సో ముక్కల్లో ఈ చదును అడుగు తరచుగా కనిపిస్తుంది. పాంటిల్ ఉన్నంత మాత్రాన పాతదని గానీ గొప్పదని గానీ అనుకోకు. మొన్న చైనాలో ఊదినదానికీ పాంటిల్ ఉంటుంది.

పక్కల మీద నిలువుగా సన్నటి గీత వేలికి తగిలితే అచ్చు వాడారని లెక్క. అప్పుడు లోపల వేలు పెట్టి చూడు. బయటి నమూనా ఎత్తుపల్లాలు లోపల కూడా తగిలితే అచ్చులోకి ఊదారు, లోపల నున్నగా ఉంటే అచ్చులో పోసి నొక్కారు. అచ్చు గాజంటే చిన్నచూపు వద్దు, ఫ్రాన్స్‌లో పేరుమోసిన గాజు కళాకారుడు లాలిక్ ఎక్కువగా అచ్చుల్లోనే చేశాడు.

అరుగుదల చూడటానికి పది రెట్లు చూపే భూతద్దం కొనుక్కో. నలభై ఏళ్లు బల్లల మీద తిరిగిన గిన్నెకు, బల్లను తాకే వలయం మీద మాత్రమే, అన్ని దిక్కులకూ సన్నటి గీతలు పడతాయి. గీతలన్నీ ఒకే దిక్కుకు ఉన్నా, బల్లకు తగలని గుంటలో కూడా ఉన్నా ఎవరో గరుకు కాగితంతో రుద్దారు. సంతకం ఉంటే ఇంకో పరీక్ష ఉంది. అసలు సంతకం మీదుగా అరుగుదల గీతలు పోవాలి. సంతకమే ఆ గీతలను కోసుకుంటూ పోతే, అది తర్వాత చెక్కినది. పేరున్న గాజు తయారీదార్లు అమెరికా టిఫనీ ఎల్.సి.టి. అక్షరాలు, లోట్జ్ ఆస్ట్రియా పేరు ఇలా ఎక్కించినవి మార్కెట్లో బోలెడు. లోట్జ్ అసలు సరుకులో సంతకం లేనివే ఎక్కువ.

చాలామంది చేయని పరీక్ష తూకం. వంటింటి త్రాసుతోనే చేయొచ్చు, కానీ ఇది చెప్పినంత ఏ సంతకమూ చెప్పదు. గ్రాము తేడా చూపే, ఐదు కిలోల వరకు తూగే త్రాసు కావాలి. పొడి గిన్నెను తూచి రాసుకో. తేలికపాటి ప్లాస్టిక్ బకెట్లో మూడు లీటర్ల నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి సున్నాకు తెచ్చుకో. ఉల్లిపాయలు వచ్చే వల సంచిలో గిన్నెను పెట్టి, దారంతో వేలాడదీస్తూ పూర్తిగా ముంచు. అడుగుకు గానీ పక్కలకు గానీ తగలకూడదు, గిన్నె లోపలా పక్కలకూ గాలి బుడగలు మిగలకూడదు. త్రాసు చూపే అంకెతో పొడి బరువును భాగించు. పొడి బరువు 1240 గ్రాములు, నీళ్లలో త్రాసు చూపింది 495 అనుకో, సాంద్రత 2.5. అది సీసం కలవని సోడా గాజు. అదే 420 చూపిస్తే 2.95 వస్తుంది, అది సీసం కలిసిన క్రిస్టల్. యూరప్‌లో 1969 నాటి నిబంధన ప్రకారం లెడ్ క్రిస్టల్ అనాలంటే కనీసం 24 శాతం లెడ్ ఆక్సైడ్, 2.90 సాంద్రత ఉండాలి.

మురానో వాళ్ల సంప్రదాయ గాజు సోడా గాజు. నీ గిన్నె 2.9 దాటితే మురానో ఆశ వదులుకో. అలా సాగదీసిన మందపాటి క్రిస్టల్ ఫ్రాన్స్‌లో విరివిగా చేశారు. అక్కడి డోమ్ కంపెనీ వాళ్లదైతే, అడుగున కాకుండా అడుగుకు కాస్త పైన పక్క గోడ మీద వెతుకు. పేరుతో పాటు రెండు అడ్డగీతల లొరేన్ శిలువ సన్నగా చెక్కి ఉంటుంది, వెలుతురును ఏటవాలుగా పడనిస్తే గానీ కనపడదు. సాంద్రత 2.6, 2.8 మధ్య వస్తే సీసం కొద్దిగా ఉన్నదో, బదులుగా బేరియం వేసినదో, దాంతో ఏదీ తేల్చకు. గాజులో కావాలని పెట్టిన గాలి బుడగలు ఎక్కువుంటే అంకె కాస్త తగ్గుతుంది, అదీ గుర్తుంచుకో.

అల్ట్రావయొలెట్ టార్చ్ కొంటానన్నావు. 395 కాకుండా 365 నానోమీటర్లది తీసుకో. యురేనియం కలిసిన గాజు కొట్టొచ్చినట్టు ఆకుపచ్చగా మెరుస్తుంది, మాంగనీస్ ఉన్నది పాలిపోయిన ఆకుపచ్చగా. మెరిస్తే మురానో అనే మాట నమ్మకు, యురేనియం బొహీమియాలోనూ (ఇప్పటి చెక్ దేశంలోని ప్రాంతం) ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోనూ వాడారు.

ఇక గుర్తులు. అమెరికాకు వచ్చే సరుకు మీద దేశం పేరు ఉండాలన్న చట్టం 1891 నుంచి అమలైంది. అందుకే దేశం పేరే కాలాన్ని చెప్పేస్తుంది. చెకోస్లోవేకియా అంటే 1918కి, 1992కి మధ్య. వెస్ట్ జర్మనీ అంటే 1949 నుంచి 1990. ఆక్యుపైడ్ జపాన్ అంటే 1945 నుంచి 1952. లాలిక్ మీద "ఆర్. లాలిక్" అని ఉంటే మామూలుగా రెనె లాలిక్ పోయిన 1945కు ముందుది, "లాలిక్ ఫ్రాన్స్" తర్వాతిది. స్కాండినేవియా వాళ్లు మాత్రం మన పని తేలిక చేశారు, అడుగున కంపెనీ పేరు, డిజైనర్ పొడి అక్షరాలు, నంబరు చెక్కుతారు. స్వీడన్ కంపెనీ కోస్టా పక్కన ఎల్.హెచ్. కనిపిస్తే విక్కె లిండ్‌స్ట్రాండ్, డెన్మార్క్ కంపెనీ హోల్మెగార్ పక్కన పి.ఎల్. ఉంటే పెర్ లుట్కెన్.

మురానోలో అంత క్రమశిక్షణ లేదు. వెనీనీ లాంటి కొన్ని కంపెనీలవాళ్లు అడుగున యాసిడ్‌తో మూడు వరసల ముద్ర వేశారు, మిగతా చాలామంది కాగితం స్టిక్కరుతో సరిపెట్టారు. వెనిస్ ఉన్న వెనెటో ప్రాంతం 1994లో చట్టం చేసి "వెట్రో ఆర్టిస్టికో మురానో" అనే ట్రేడ్‌మార్క్ పెట్టింది. అంతకుముందు చేసినవాటికి అది ఉండదు కాబట్టి లేకపోవడం లోపమేమీ కాదు. స్టిక్కర్ మీద "మురానో స్టైల్" అని ఉంటే మాత్రం కిమ్మనకుండా బయటికి వచ్చెయ్.

నువ్వున్నది ఒహాయోలో, పక్కనే వెస్ట్ వర్జీనియా. అక్కడి షాపుల్లో ఇటలీ కంటే పక్క ఊళ్ల గాజు దొరికే అవకాశమే ఎక్కువ, నిజానికి మొదట అనుమానించాల్సింది దాన్నే. మిల్టన్‌లోని బ్లెంకో సరుకు పెద్దగా, ముదురు రంగుల్లో, గరుకు పాంటిల్‌తో ఉంటుంది. 1958 నుంచి 1961 దాకా తప్ప చాలా ఏళ్లు అడుగున పేరు వేయలేదు, స్టిక్కరే. పిల్‌గ్రిమ్ వాళ్ల కొన్ని ముక్కల పాంటిల్ మీద స్ట్రాబెర్రీ పండులాంటి చుక్కల ముద్ర ఉంటుంది. విలియమ్స్‌టౌన్‌లోని ఫెంటన్ 1970లో కార్నివాల్ గాజుతో (ఇంద్రధనుస్సులా రంగులు మెరిసే గాజు) మొదలుపెట్టి కోడిగుడ్డు ఆకారంలో తన పేరును అచ్చులోనే పెట్టింది. ఆ పేరు కింద చిన్న 8 ఉంటే 1980లు, 9 ఉంటే 1990లు.

ఇవన్నీ అయ్యాక కేటలాగులు తెరువు. న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ గాజు మ్యూజియంకు రాకో లైబ్రరీ ఉంది, పాత కంపెనీల కేటలాగులు అక్కడ వెతుకు. పోల్చేటప్పుడు ఎత్తు, మూతి వెడల్పు, అడుగు వెడల్పు మూడూ ఉండాలి, అమెరికావాటికి అంగుళాల్లో, యూరప్‌వాటికి సెంటీమీటర్లలో. చేత్తో ఊదినవాటిలో అర అంగుళం తేడా మామూలే. కానీ ఆకారం సరిపోయి రంగు ఆ ఏడాది కేటలాగులో లేకపోతే ఆగు. ఆన్‌లైన్ అమ్మకాల పేజీల్లో పేర్లను సాక్ష్యంగా తీసుకోవద్దు, ఒకడు రాసింది పదిమంది ఎత్తిరాస్తారు. ఏదీ తేలకపోతే "బహుశా బొహీమియా, 1960లు, చేసినవారు తెలియదు" అని రాసి అతికించు. సగం గాజు అక్కడే ఆగుతుంది.

అవకాశముంటే టొలిడో మ్యూజియంలో గాజు విభాగం చూడు, మీ రాష్ట్రమే. ఈసారి హైదరాబాద్ వచ్చినప్పుడు సాలార్‌జంగ్‌లో యూరప్ గాజు గదికి వెళ్లు, వెనిస్‌దీ బొహీమియాదీ ఒకే రోజు కళ్లతో పోల్చుకోవచ్చు.

మళ్లీ ఫొటోలు తీసి పంపు. ఫ్లాష్ వద్దు, కిటికీ పక్కన తెల్లకాగితం మీద పెట్టు. అడుగు నేరుగా ఒకటి, వెలుతురు పక్కనుంచి పడేలా ఒకటి, అంచు దగ్గర రంగు పొరలు కనిపించేలా ఒకటి, పక్కన స్కేలు పెట్టి మొత్తం గిన్నె ఒకటి. ఫొటోల కింద రెండు బరువులూ రాయి.

ఇట్లు,
మీ పెదనాన్న