పాఠకుల ప్రశ్నలు: నేలపట్టు గూళ్లు, పులికాట్ నీళ్లు

*నేలపట్టు పక్షుల అభయారణ్యంలోని గూడబాతులు (పెలికాన్లు) సైబీరియా నుంచి వస్తాయని ఏటా చదువుతున్నాం. నిజమేనా? బడిలో పిల్లలకు ఏం చెప్పాలి?*
– ఒక ఉపాధ్యాయుడు, కందుకూరు

నిజం కాదు. ఈ పొరపాటు చాలాకాలంగా తిరుగుతోంది, దాన్ని దిద్దే పని మీ తరగతిలోనే మొదలుపెట్టండి. పైముక్కు పొడవునా వరసగా నల్లచుక్కలున్న ఈ గూడబాతు మన దక్షిణాసియా పక్షే. నీళ్లు, చేపలు ఎక్కడుంటే అక్కడికి చెరువు మారి చెరువు తిరుగుతుంది. నేలపట్టుకు గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచుకోవడానికి వస్తుంది. నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, చింతవక్కలు కూడా అందుకే చేరతాయి.

నిజంగా దూరదేశాల నుంచి వచ్చేవి వేరు. సూదితోక బాతు సైబీరియా వైపు నుంచి వస్తుంది. తల వెనక రెండు నల్లచారలుండే బార్ హెడెడ్ గూస్ మంగోలియా, టిబెట్ ప్రాంతాల నుంచి హిమాలయాలు దాటి వస్తుంది. ఇవి ఇక్కడ గూడు కట్టవు. తిని, బలం పుంజుకుని, వేసవికి ముందే వెళ్లిపోతాయి. పిల్లలకు ఒక్క గుర్తు చెబితే చాలు: గూటి మీద కూర్చున్న పక్షి మనది, నీటిలో మేత మేసి వెళ్లిపోయేది చాలావరకు అతిథి.

మరి చలికాలంలోనే గూళ్లు ఎందుకు? మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో పడతాయి. చెరువు నిండితే నీటికడప చెట్ల మొదళ్లు మునుగుతాయి. ఆ నీరే నక్కలకు, అడవిపిల్లులకు అడ్డు. అదే అదనుకు నాట్లు పడిన వరిమళ్లలో నత్తలు పెరుగుతాయి, నత్తగుల్ల కొంగలకు అదే తిండి.

లెక్క కూడా వేయించండి. గూడబాతు సాధారణంగా మూడు గుడ్లు పెడుతుంది. పొదగడానికి సుమారు నెల, పిల్లలు ఎగరడానికి మరో మూడు నుంచి అయిదు నెలలు. నవంబరులో గుడ్లు పెడితే మార్చి దాటేదాకా చెట్ల కింద నీళ్లుండాలి. ఫిబ్రవరిలోనే చెరువు ఎండితే మెకాలు, మనుషులు చెట్ల దాకా రాగలుగుతారు. తల్లులు బెదిరి గూళ్లు వదిలేస్తాయి. 1976లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ 459 హెక్టార్లకు అసలు కాపలా కంచె కాదు, చెరువులో నీటిమట్టం.

*సంక్రాంతి సెలవుల్లో పులికాట్ సరస్సుకు వెళ్లాం. రాజహంసలు (ఫ్లెమింగోలు) ఎక్కడో తెల్లచుక్కల్లా కనిపించాయి. ఎప్పుడు, ఎక్కడ నిలబడాలి?*
– ఒక కుటుంబం, నెల్లూరు

డిసెంబరులో వానలు బాగా పడి ఉంటే జనవరిలో రోడ్డు పక్కన నీరు లోతుగా ఉంటుంది. రాజహంస తల తలకిందులుగా ముంచి, ముక్కుతో నీటిని వడకట్టి నాచు, చిన్న రొయ్యజాతి పురుగులు తింటుంది. అందుకని ఎక్కువగా కాళ్లు నేలకు ఆనే లోతులోనే మేస్తుంది. నీరు తగ్గేకొద్దీ గుంపులు చోటు మారతాయి. తడి ఏడాదిలో జనవరి చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఆగండి. పొడి ఏడాదిలో డిసెంబరులోనే వెళ్లండి, ఆలస్యమైతే ఒట్టి బురదే మిగులుతుంది.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు పడమటి నుంచి తూర్పుకు సరస్సును చీల్చుకుంటూ వెళ్తుంది. చలికాలం సూర్యుడు దక్షిణానికి ఒరిగి ఉంటాడు. కాబట్టి రోడ్డుకు ఉత్తరం వైపున్న గుంపులను చూడండి, ఎండ మీ వీపు మీద, రంగు పక్షి మీద పడుతుంది. దక్షిణానికి చూస్తే నల్లని నీడలే. బండి పూర్తిగా పక్కకు తీసి ఆపండి. కారులోంచి దిగకుండా చూస్తే పక్షులు అంతగా బెదరవు. నీటిలోకి దిగి దగ్గరకు నడవకండి, డ్రోను ఎగరేయకండి: లేచిన గుంపు మేత వదిలి ఒంట్లో కొవ్వు ఖర్చు చేస్తుంది, తిరుగు ప్రయాణానికి దాచుకునేది ఆ కొవ్వే. బూడిదరంగులో కనిపించేవి జబ్బువి కావు, పిల్లలు. తిండిలోని రంగు పదార్థం ఈకలకెక్కి గులాబీ కావడానికి ఏళ్లు పడుతుంది.

అదే రోజు నేలపట్టు కూడా చూడాలంటే, నెల్లూరు నుంచి వచ్చేవారు నాయుడుపేట దాటాక దొరవారిసత్రం దగ్గర హైవే దిగాలి. ఈ మండలం 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉంది.

*బైనాక్యులర్ ఎంత శక్తిది కొనాలి?*
– ఒక విద్యార్థిని, ఒంగోలు

8×42. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. పది రెట్లది దూరం చూపుతుంది గానీ చెయ్యి వణుకునూ పెంచుతుంది. కళ్లజోడు ఉంటే కంటికీ అద్దానికీ మధ్య దూరం 15 మి.మీ. పైన ఇచ్చే రకం అడగండి. వాడేముందు కుడి కన్ను మూసి నడిమి చక్రంతో ఎడమ కంటికి స్పష్టత తెచ్చుకోండి. తర్వాత ఎడమ కన్ను మూసి, కుడి గొట్టం దగ్గరి వలయం మాత్రమే తిప్పండి. ఇది చేయకే చాలామంది తలనొప్పి వస్తోందని పక్కన పడేస్తారు.

*మా చేపల చెరువు మీద గూడబాతులు, నీటికాకులు పడుతున్నాయి. టపాసులు రెండు రోజులే పనిచేశాయి.*
– ఒక రైతు, అల్లూరు మండలం

చప్పుడుకు అవి త్వరగా అలవాటు పడతాయి. గూడబాతు బరువైనది, దిగడానికీ లేవడానికీ తెరిపి నీరు కావాలి. చెరువుకు అడ్డంగా, బిగువుగా, లావుపాటి తెల్లతాళ్లు కట్టి వాటికి రంగు పట్టీలు వేలాడదీయండి. సన్నటి నైలాను దారం వద్దు, పక్షికి కనపడక చిక్కుకుని చస్తుంది. గూడబాతు మునగలేదు, మెడ అందినంత లోతే దాని వేట. అందుకే పట్టుబడికి నీరు తోడేటప్పుడు నష్టం ఎక్కువ, ఆ పని త్వరగా ముగించండి. నీటికాకి మునిగి వేటాడుతుంది కనుక తాళ్లు దాన్ని ఆపవు. పిల్లచేపల చిన్న చెరువును మాత్రం పూర్తిగా వలతో, వదులు లేకుండా కప్పండి. విషం, తుపాకీ జోలికి వెళ్లకండి, 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద అది నేరం.

*ఇసకపల్లి ఉప్పుమడుల్లో కాలికి జెండాలాంటి ముక్కలున్న చిన్న పక్షిని చూశాను. ఏం చేయాలి?*
– ఒక పాఠకుడు, కావలి

పట్టుకోవద్దు. ఫొటో తీయండి. ఏ కాలికి, మోకాలిలా కనిపించే కీలుకు పైనా కిందా, ఏ రంగు మీద ఏ రంగు, అక్షరాలేమిటి, తేదీ, చోటు: ఇవన్నీ అక్కడే రాసుకుని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి. చనిపోయిన పక్షి అయితే ఉత్త చేతులతో తాకకుండా కాలి కడియం మీది అంకెల ఫొటో తీసి, అటవీ సిబ్బందికి చెప్పండి.