చిట్టీ ఎత్తకుండానే ఎడారిలో నడవవచ్చు

ప్రశ్న: నేను హనుమకొండలో ప్రైవేటు కళాశాల అధ్యాపకుడిని. నేనూ మా ఆవిడా రోజూ ఉదయం భద్రకాళి బండ్ మీద గంటసేపు నడుస్తాం. ఒక్కసారైనా రాజస్థాన్ ఎడారిలో నడవాలన్నది మా ఇద్దరి కోరిక. విమానం, జీపు, గుడారాల బసతో కలిపి ఒక ట్రావెల్స్ వారు ఇద్దరికీ 1,10,000 రూపాయలు అడిగారు. నాకు 3 లక్షల చిట్టీ ఉంది. అది 30 నెలల చిట్టీ, నెలకు 10,000 కడుతున్నాను, ఇది తొమ్మిదో నెల. పాట 75,000 దాకా పోతోంది, సంస్థ కమీషన్ 5 శాతం. ఈ చిట్టీని అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు కోసం వేశాను. దాన్ని ఎత్తి వెళ్లడం మంచిదా, ఈఎంఐ పెట్టుకోవడం మంచిదా? చిట్టీ పోను నెలకు 8,000 మిగులుతోంది. బ్యాంకులో 2 లక్షల డిపాజిట్ ఉంది.

జవాబు: ఈ రెండు దారుల్లో ఏదీ మీకు అవసరం లేదని నా అభిప్రాయం. ముందుగా చిట్టీ సంగతి చూద్దాం. ఇప్పుడు 75,000కు పాడితే మీ చేతికి 2,25,000 వస్తుంది. చివరి నెలల దాకా ఆగితే సంస్థ కమీషన్ 15,000 మాత్రమే పోయి 2,85,000 వస్తుంది. పాటలో వదులుకున్న సొమ్ము నుంచి సభ్యులకు నెలనెలా పంచే డివిడెండ్ ఎత్తినా ఎత్తకపోయినా సాధారణంగా ఒకటే కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ముందుగా అందిన సొమ్ముకు వడ్డీ వస్తుంది కదా అని మీరు అనవచ్చు. అయితే ప్రయాణానికి 1,10,000 ఖర్చయ్యాక మిగిలే 1,15,000ను ఏడు శాతం వడ్డీకి 21 నెలలు ఉంచినా 15,000 కూడా రాదు. చిట్టీ ఎత్తిన తర్వాత జామీనుదారులను చూపించాలి, మిగిలిన వాయిదాలను తప్పకుండా కట్టాలి. పాటలో మీరు వదులుకునే 60,000 రూపాయల కంటే తక్కువ ఖర్చుతోనే మీరిద్దరూ ఎడారిని చూసి రావచ్చు. అది ఎలాగో వివరంగా చెబుతాను.

ఎడారి ప్రయాణంలో డబ్బు ఎక్కువగా జీపులకూ గుడారాలకూ పోతుంది, నడకకు దాదాపు ఏమీ కాదు. అందువల్ల రైలు స్టేషన్ నుంచో బస్సు దిగిన చోటు నుంచో మొదలయ్యే నడకలనే ఎంచుకోండి. కాచిగూడ నుంచి జోధ్‌పూర్ పక్కనే ఉన్న భగత్ కీ కోఠీకి 2025 జులై నుంచి రోజువారీ రైలు నడుస్తోంది. అది నిజామాబాద్ మీదుగా వెళుతుంది కాబట్టి మీరు హైదరాబాద్ దాకా వెళ్లనవసరం లేదు. జోధ్‌పూర్‌లో మెహ్రాన్‌గఢ్ కోటను ఆనుకొని రావ్ జోధా ఎడారి శిలా ఉద్యానం ఉంది. సుమారు 70 హెక్టార్ల ఆ రాతి నేలలో 2006 నుంచి సర్కారు తుమ్మను వేళ్లతో సహా తొలగించి, ఎడారికి సహజమైన మొక్కలను తిరిగి పెంచారు. మన చెరువు గట్లను సర్కారు తుమ్మ ఎలా కమ్మేస్తుందో తెలిసిన మీకు ఆ శ్రమ విలువ వెంటనే అర్థమవుతుంది. అక్కడ గుర్తులు పెట్టిన కాలిబాటలు ఉన్నాయి. భద్రకాళి బండ్ మీద గంటసేపు నడిచే మీకు అవి కష్టం కావు. మొక్కలను వివరించే గైడుకు ఇచ్చే డబ్బును మాత్రం మిగుల్చుకోవద్దు, ఆ నడకలో సగం విలువ అతని మాటల్లోనే ఉంటుంది.

జోధ్‌పూర్ నుంచి సుమారు 65 కిలోమీటర్ల దూరంలోని ఓసియాన్‌కు బస్సూ ఉంది, రైలూ ఉంది. ఎనిమిదో శతాబ్దం నుంచి కట్టిన ఆలయాలనూ ఊరి అంచున ఉన్న ఇసుక దిబ్బలనూ ఒకే రోజులో చూసి తిరిగి రావచ్చు. అదే రైలు మార్గంలో ముందుకు వెళితే జైసల్మేర్ వస్తుంది. కోట, గడీసర్ చెరువు రెండూ కాలినడకన తిరగదగినవే. ఇసుక దిబ్బల కోసం అందరూ వెళ్లే సమ్ దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, అక్కడికి వెళితే మళ్లీ జీపు ఖర్చు తప్పదు. నేనైతే నైరుతి దిశలో దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఖురీని ఎంచుకుంటాను. జైసల్మేర్ నుంచి అక్కడికి రోజుకు కొన్ని బస్సులే ఉన్నా, ఊరి నుంచి నడుచుకుంటూనే దిబ్బల మీదికి చేరుకోవచ్చు, రాత్రికి ఊళ్లోనే బస చేయవచ్చు. తిరుగు బస్సు వేళను దిగినప్పుడే అడిగి రాసుకోండి.

ఇద్దరికీ పన్నెండు రోజులకు నా అంచనా ఇది. రానుపోను రైలు ప్రయాణాన్ని థర్డ్ ఏసీలో లెక్కించి, నిజామాబాద్ వరకు బస్సునూ జైసల్మేర్ రైలునూ కలిపితే 12,000 అవుతుంది. ఏడు రాత్రుల బసకు 12,600, భోజనాలకు 9,600, ఆటోలకూ స్థానిక బస్సులకూ 5,000, ప్రవేశ రుసుములకూ గైడుకూ 3,000 పెట్టుకుంటే మొత్తం 42,200 వస్తుంది. దీనికి సుమారు 6,000 అదనంగా చేర్చి 48,000 సిద్ధం చేసుకోండి. జీతం కోతతో సెలవు పెట్టాల్సి వస్తే ఆ కోత కూడా ఖర్చే అవుతుంది కాబట్టి కళాశాలలో ముందే మాట్లాడుకోండి.

నెలకు మిగిలే 8,000లో 6,000 దీనికి కేటాయిస్తే ఎనిమిది నెలల్లో 48,000 జమ అవుతుంది. బ్యాంకులో నెలనెలా జమ చేసే ఆరు నెలల రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ)ను మార్చిలో మొదలుపెట్టండి. పోస్టాఫీసు ఆర్‌డీ గడువు అయిదేళ్లు కాబట్టి ఈ పనికి అది కుదరదు. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటోంది. నవంబరు చివరి వారంలో బయలుదేరాలంటే సెప్టెంబరు చివరికి టికెట్ల డబ్బు చేతిలో ఉండాలి. ఆర్‌డీ సెప్టెంబరులోనే ముగిసేలా పెట్టమన్నది అందుకే. మిగిలిన రెండు నెలల 12,000ను పొదుపు ఖాతాలోనే ఉంచండి. నెలకు మిగిలే మరో 2,000ను బ్యాంకు డిపాజిట్‌కు కలుపుతూ పోండి. ఆ 2 లక్షలు ఉద్యోగానికో ఆరోగ్యానికో ఇబ్బంది వచ్చిన రోజున ఆదుకోవడానికి ఉంచినవి, ప్రయాణానికి వాటిని ముట్టుకోవద్దు.

ఈఎంఐ విషయానికి వస్తే, వడ్డీ లేదని చెప్పే వాయిదాల్లో కూడా ఆ వడ్డీ సాధారణంగా మీకు దక్కకుండా పోయిన తగ్గింపు రూపంలోనో ప్రాసెసింగ్ రుసుములోనో ఉంటుంది. పైగా తిరిగి వచ్చాక నెలల తరబడి కట్టే వాయిదా చిట్టీ వాయిదాతో పోటీ పడుతుంది.

ఏప్రిల్ నుంచి జూన్ వరకు గదులు సగం ధరకే దొరుకుతాయని ఎవరైనా చెబితే దయచేసి వినవద్దు. జోధ్‌పూర్–జైసల్మేర్ మార్గంలోని ఫలోదీలో 2016 మేలో 51 డిగ్రీల ఎండ నమోదైంది. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకానూ, మాఘ పౌర్ణమి సమయంలో జైసల్మేర్‌లో ఎడారి ఉత్సవం జరిగే రోజుల్లోనూ బస ఖర్చు పెరుగుతుంది. ఆన్‌లైన్‌లో రైలు టికెట్ తీసేటప్పుడు ప్రయాణ బీమా గడిని తప్పక ఎంచుకోండి, రూపాయి కూడా కాని ప్రీమియానికి 10 లక్షల వరకు రక్షణ ఉంటుంది. తిరుగు టికెట్‌ను తత్కాల్‌కు వదిలేయకుండా, దాని రిజర్వేషన్ తెరుచుకున్న రోజునే తీసుకోండి. తత్కాల్‌లో ఖాయమైన టికెట్‌ను రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రాదు.