పెద్దవయసు పేషెంట్ల జ్ఞాపకశక్తిని నర్సులు ఎలా అంచనా వేస్తారు?
ఆసుపత్రిలో చేరిన పెద్దవాళ్లను నర్సు "ఇవాళ ఏ వారం?" అని ఎందుకు అడుగుతారు, చెప్పలేకపోతే మతిమరుపు జబ్బు వచ్చినట్టేనా అన్నది ప్రశ్న. ఆ ఒక్కదాన్నిబట్టి అలా తేల్చకూడదు.

ముందు చూడాల్సినవి కళ్లజోడు, వినికిడి మిషన్. ప్రశ్నే సరిగా వినపడని మనిషికి మార్కులు తగ్గించడం అన్యాయం.

చాలాచోట్ల వాడే చిన్న పరీక్ష మినీ-కాగ్. మూడు మాటలు చెప్పి, తిరిగి చెప్పించుకుంటారు. తర్వాత గడియారం బొమ్మ గీసి పదకొండు గంటల పది నిమిషాలు చూపించమంటారు. ఆపైన ఆ మూడు మాటలూ మళ్లీ అడుగుతారు. మాటకు 1, గడియారానికి 2, మొత్తం 5 మార్కులు. 3 కంటే తక్కువ వస్తే ఇంకా లోతుగా పరీక్షించాలి. గడియారం దగ్గర కాస్త ఆగి చూడండి: కొందరు నిమిషాల ముల్లును రెండు మీద కాకుండా పది అంకె మీద పెడతారు. అంకెలు గుర్తున్నాయి, కానీ "పది నిమిషాలు" అంటే ముల్లు ఎక్కడుండాలో ఆలోచించుకోలేకపోయారన్నమాట.

అన్నిటికన్నా విలువైన ప్రశ్న ఇంటివాళ్లను అడగాలి: "ఈ మార్పు ఎప్పటినుంచి?" నెలలు, ఏళ్లుగా అయితే డిమెన్షియా (మతిమరుపు జబ్బు) అనుమానం. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ తికమకపడుతుంటే డెలిరియం (ఉన్నట్టుండి వచ్చే మానసిక గందరగోళం) కావచ్చు. ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, కొత్త మందు, ఏదైనా కారణం కావచ్చు. వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. గొడవ చేయకుండా మగతగా పడుకునే డెలిరియం కూడా ఉంది. "పాపం, ప్రశాంతంగా నిద్రపోతున్నారు" అని వదిలేస్తారేమోనన్నదే నా టెన్షన్.