కలంకారీ చున్నీ చేత్తో గీసిందా, ప్రింటా? ఎలా తెలుస్తుంది, ఎలా ఉతకాలి?

ఎగ్జిబిషన్‌లో 900 రూపాయలకు ‘హ్యాండ్ పెయింటెడ్ కలంకారీ’ అని చెప్పి అమ్మిన చున్నీ అసలుదేనా, ఉతికితే రంగు పోతుందా అని అడిగారు.

ధర వినగానే నాకు అనుమానం వచ్చింది. రెండున్నర మీటర్ల గుడ్డ నిండా చేత్తో గీసి, సహజ రంగులు వేసి ఆ ధరకు ఇస్తే గీసినవాళ్ళకు కూలి కూడా గిట్టదు. కానీ ధర ఒక్కటే చూసి తేల్చకండి. ఎక్కువ ధర పెట్టి మోసపోయినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఎనిమిదేళ్ళ కిందట హైదరాబాద్‌లో ఒక స్టాల్ దగ్గర నెమళ్ళ చున్నీ కొన్నాను. చేత్తో గీసిందే మేడమ్, శ్రీకాళహస్తి సరుకు అన్నారు. మరుసటి ఏడు కాళహస్తి దర్శనానికి వెళ్తూ ముచ్చటపడి అదే వేసుకున్నాను. దర్శనం అయ్యాక కలంకారీ పనిచేసే ఒకరింటికి వెళ్ళాం. ఆ ఇంటి పెద్దాయన నా చున్నీ అంచు పట్టుకుని, “ఈ నెమలి తోక చూడమ్మా. ఇప్పుడు ఆ నెమలి తోక చూడు” అన్నారు. రెండింట్లోనూ మూడో ఈక దగ్గర గీత సన్నగా తెగి ఉంది. చున్నీ మొత్తం పరిచి చూశాను. పదకొండు నెమళ్ళు, పదకొండింటికీ అక్కడే తెగింది. “చెయ్యి అన్నాక ప్రతిసారీ ఒకేచోట తప్పుతుందా?” అన్నారాయన. స్క్రీన్ ప్రింట్. ఏడాదిపాటు అందరికీ గొప్పగా చూపించుకున్నందుకు చాలా బాధేసింది.

అందుకే మీరూ ముందు చేయాల్సింది అదే. ఒకేలా కనిపించే రెండు ఆకులో, రెండు పువ్వులో తీసుకుని పక్కపక్కన పెట్టండి. చేత్తో గీసినవైతే ఎక్కడో ఒకచోట తేడా ఉండి తీరుతుంది. గీత లావు కూడా గమనించండి. కలం రంగులో ముంచి తీసిన కొత్తలో గీత లావుగా, తడిగా పడుతుంది, పోనుపోను సన్నబడుతుంది. తర్వాత చున్నీ తిరగేయండి. స్క్రీన్ ప్రింట్‌లో రంగు ఎక్కువగా పైనే ఉంటుంది, వెనక వెలిసినట్టు కనిపిస్తుంది. కలం పనిలో నల్ల గీత, ఎరుపు గుడ్డలోకి దిగి వెనక్కీ వస్తాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పెడన అచ్చుల పని నకిలీ కాదు. మచిలీపట్నం పక్కనే ఉన్న పెడనలో టేకు చెక్క అచ్చులతో చేసే కలంకారీది దాని సొంత సంప్రదాయం. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవు నుంచి పర్షియాకీ, ఐరోపాకీ ఓడలకెక్కింది ఈ బట్టే. తీగలు, పూలు, లతలు దాని అందం. కాళహస్తిది గుడి పని, రామాయణ భారత కథలను కలంతో గీసేది. అచ్చు పనిలోనూ బొమ్మ మళ్ళీ మళ్ళీ వస్తుంది, కానీ అచ్చుకూ అచ్చుకూ మధ్య అతుకు దగ్గర వెంట్రుకవాసి తేడా కనిపిస్తుంది. మీది అలా ఉంటే సంతోషంగా వాడుకోండి. నా కోపమంతా స్క్రీన్ ప్రింట్‌ను కలం పని అని చెప్పి అమ్మేవాళ్ళ మీదే.

ఆ రోజు వాళ్ళింట్లో పని చూశాను. గుడ్డను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. చింత బొగ్గుతో లేతగా బొమ్మ వేసుకుంటారు. వెదురు పుల్లకు గుడ్డ చుట్టి దారం బిగించినదే కలం. వేళ్ళతో ఆ చుట్ట నొక్కితే రంగు మొనకు దిగుతుంది. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరిన నల్లరంగు ఒక కుండలో ఉంది. కుండలో చూస్తే మామూలు బురద నీళ్ళలా ఉందది. గుడ్డకు తగలగానే, నేను చూస్తుండగానే, కాటుకలా నల్లబడింది! కరక్కాయలోని వగరు, ఇనుము కలిస్తే పుట్టే నలుపు అది. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్ళు పూసి, తర్వాత రంగు చెక్కలతో ఉడకబెడతారు. ప్రతి దశకూ ఉతుకుడే. ఒక్క చున్నీకి అన్ని రోజులు ఎందుకు పడుతుందో అప్పుడు అర్థమైంది. అక్కడే 4,200 పెట్టి జీవవృక్షం ఉన్న చున్నీ కొనుక్కున్నాను. నెల రోజులు పాలవాసన వదల్లేదు, నాకది ఇష్టంగానే ఉండేది.

ఇక ఉతకడం. మొదటి మూడు నాలుగుసార్లు విడిగా, చన్నీళ్ళలో, సబ్బు లేకుండా జాడించండి. తర్వాత పలచటి కుంకుడు రసం చాలు. నానబెట్టొద్దు, బండకేసి బాదొద్దు, నీడలో ఆరేయండి, ఇస్త్రీ వెనకవైపు చేయండి. అన్నిటికంటే ముఖ్యం, పులుపు తగలనివ్వకండి. ఒక పెళ్ళి భోజనంలో నిమ్మచెక్క పిండుతుంటే చిట్లి నా చున్నీ అంచు మీద పడింది. కడిగేలోపే నల్ల గీత బూడిదరంగులోకి దిగిపోయింది, మళ్ళీ రాలేదు. ఆ ఇనుము నలుపుకి పులుపు పడదు. మరక పోవాలని నిమ్మకాయ రుద్దడం, వెనిగర్ నీళ్ళలో ముంచడం అస్సలు చేయకండి.

ఇంకొకటి, చేత్తో గీసినంత మాత్రాన రంగులు సహజమైనవే అనుకోకండి. కలంతోనే గీసి రసాయన రంగులు వేసేవాళ్ళూ ఉన్నారు, ముఖ్యంగా పట్టు చున్నీల మీద. కళ్ళు జిగేల్‌మనే గులాబీ, మెరిసే పచ్చ కనిపిస్తే అమ్మేవాళ్ళను అడగండి.

వీలైతే రెండు ఫొటోలు పెట్టండి. ఒకేలాంటి రెండు బొమ్మలు దగ్గర నుంచి ఒకటి, వెనకవైపు పగటి వెలుతురులో ఒకటి. చూసి చెప్తాను.