గూడ్స్ షెడ్డు నుంచి మీ ప్రశ్నలు: తూకం, ట్యాగు, నంబరు, కప్లింగు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రైల్లో సరుకు పంపేవారు, దింపుకునేవారు రాసినవే.

ప్రశ్న: బస్తా 50 కిలోల చొప్పున లెక్కపెట్టి బియ్యం ర్యాకు (ఒకే బండిగా కలిపిన వ్యాగన్ల వరస) ఎక్కించాం. దారిలో వేబ్రిడ్జి మీద కొన్ని వ్యాగన్లు ఎక్కువ తూగాయని అదనపు చార్జీ వేశారు. మిషన్ తప్పా, మా తప్పా?
– రైసు మిల్లరు, తాడేపల్లిగూడెం

ముందు ఖాళీ గోనె సంచిని కాటా మీద పెట్టండి. 50 కిలోల బియ్యం పట్టే కొత్త జనపనార సంచి ప్రామాణిక బరువు 580 గ్రాములు. మీ వ్యాగన్‌కు అనుమతించిన బరువు 64 టన్నులు అనుకుందాం. 50తో భాగించి 1280 బస్తాలు వేస్తే, సంచుల బరువే 742 కిలోలు అదనంగా ఎక్కుతుంది. 50.58తో భాగిస్తే వచ్చేది 1265. అంటే వ్యాగన్‌కు 15 బస్తాలు తగ్గించాలి. అనుమతించిన బరువు వ్యాగన్ రకాన్ని, వెళ్లే మార్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి పోయినసారి లెక్కనే ఈసారీ వాడకండి. రైల్వే చట్టం 73వ సెక్షన్ కింద వేసే చార్జీకి సంచి బరువు, బియ్యం బరువు అన్న తేడా ఉండదు. పట్టాల మీద పడే మొత్తం బరువునే చూస్తారు.

ఇక మిషన్ సంగతి. కదులుతున్న బండిని తూచే వేబ్రిడ్జిలో పట్టాల దగ్గర అమర్చిన సెన్సార్లు ఒక్కో ఇరుసు బరువును పట్టుకుంటాయి. ఇరుసుల మధ్య దూరాన్ని బట్టి ఏది ఇంజనో, ఏది వ్యాగనో మిషనే విడదీస్తుంది. బండి గంటకు 15 కిలోమీటర్లు దాటకుండా, ఒకే వేగంతో సాగాలి. మధ్యలో బ్రేకు వేసినా, వేగం పెంచినా వ్యాగన్లను కలిపే కప్లింగుల దగ్గర లాగుడు, నెట్టుడు పుట్టి ఒక వ్యాగన్ బరువు కొంత పక్క వ్యాగన్ మీదికి పోతుంది. అందుకని తూకం చీటీలో ఎక్కువ తూగిన వ్యాగన్‌కు అటూ ఇటూ ఉన్నవాటిని చూడండి. పక్కది తక్కువ తూగి, రెండూ కలిపితే లెక్క సరిపోతుంటే కుదుపును అనుమానించవచ్చు.

మూడో కారణం కాగితాల్లో ఉంటుంది. వ్యాగన్లకు నంబరు చెప్పే ట్యాగులు లేకపోయినా, వాటిని చదివే యంత్రం అక్కడ లేకపోయినా బరువులను జాబితా వరసలో జత చేస్తారు. దారిలో ఇంజను అటు చివరికి మారి ర్యాకు వరస తారుమారైతే మొదటి వ్యాగన్ బరువు చివరిదాని పేరు మీద పడుతుంది. చీటీని కింది నుంచి పైకి చదివి మీ లోడింగు పుస్తకంతో పోల్చండి. సరిపోతే మీ వాదనకు గట్టి ఆధారం దొరికినట్టే. సరుకు అందుకునేవారు 79వ సెక్షన్ కింద మళ్లీ తూకం కోరవచ్చు. ఒప్పుకోవడం రైల్వే ఇష్టం. ఒప్పుకుంటే తూకం ఖర్చు, డెమరేజ్ (వ్యాగన్లను గడువు దాటి ఆపినందుకు వేసే చార్జీ) పడితే అదీ అడిగినవారే కట్టుకోవాలి. అందుకే దింపుడు మొదలుపెట్టకముందే తేల్చుకోండి.

ప్రశ్న: షెడ్డులో వ్యాగన్ నంబర్లు రాసి ఇస్తాను. అప్పుడప్పుడు కంప్యూటరు ఒక నంబరును అసలు తీసుకోదు. దానికి తప్పని ఎలా తెలుస్తుంది?
– గుమాస్తా, నిడదవోలు

వ్యాగన్ మీద ఉండే 11 అంకెల్లో మొదటి రెండు రకం, తర్వాతి రెండు సొంతదారు రైల్వే, ఆ పై రెండు తయారైన సంవత్సరం, తర్వాతి నాలుగు వరస సంఖ్య. చివరిది సరిచూసే అంకె. ఉదాహరణకు మొదటి పది అంకెలు 3110154207 అనుకోండి. సరి స్థానాల్లోవి 1, 0, 5, 2, 7 కూడితే 15, దాన్ని మూడు రెట్లు చేస్తే 45. బేసి స్థానాల్లోవి 3, 1, 1, 4, 0 కూడితే 9. మొత్తం 54. తర్వాతి పదుల సంఖ్య 60కి 6 కావాలి కాబట్టి పదకొండో అంకె 6 కావాలి. ఇంకేది ఉన్నా ఎక్కడో తప్పు రాసినట్టే.

ఒక్క అంకె మారితే ఈ లెక్క తప్పకుండా పట్టేస్తుంది. పక్కపక్క అంకెలు తారుమారైనా చాలావరకు పడుతుంది గానీ, వాటి మధ్య తేడా సరిగ్గా 5 అయితే పట్టదు. 27ను 72 అని రాస్తే కంప్యూటరు మారుమాట్లాడకుండా తీసుకుంటుంది, సరుకు వేరే వ్యాగన్ పేరు మీద నమోదవుతుంది. రంగు వెలిసిపోయి 3, 8 కలిసిపోయినప్పుడు ఊహించి రాయకుండా, అదే నంబరు రెండో పక్కన కూడా ఉంటుంది కాబట్టి అటు వెళ్లి చూసి రాయండి.

ప్రశ్న: వ్యాగన్లకు ఆర్ఎఫ్ఐడీ ట్యాగులు పెడుతున్నారు కదా. మరి మా సరుకు ఎక్కడుందో ఫోన్లో నిమిషం నిమిషం ఎందుకు కనిపించదు?
– ఎగుమతి వ్యాపారి, కాకినాడ

ఆ ట్యాగులో బ్యాటరీ ఉండదు, జీపీఎస్ ఉండదు. పట్టాల పక్కనున్న రీడరు 865–867 మెగాహెర్ట్జ్ తరంగాలు పంపినప్పుడు ఆ శక్తితోనే మేల్కొని తన నంబరు చెప్పి ఊరుకుంటుంది. రీడరు లేని చోట ట్యాగు ఉన్నా లేనట్టే. బండి ఎటు తిరిగి ఉన్నా రీడరు వైపు ఒకటి ఉండాలని వ్యాగన్‌కు రెండు ట్యాగులు బిగిస్తారు. ఇనుప రేకుకు నేరుగా అంటుకుంటే తరంగం చెడుతుంది కనుక ఇలాంటి చోట లోహం మీద పనిచేసేలా చేసిన ట్యాగులే వాడాలి. పొక్లెయిన్ తగిలి వంగినవి, బురద గట్టిగా పేరుకున్నవి సరిగా చదవబడవు.

మీ ఫోన్లో కదిలేది నిజానికి ఇంజను. ఇస్రో సాయంతో ఇంజన్లలో అమర్చిన ఆర్టీఐఎస్ పరికరం సుమారు 30 సెకన్లకోసారి స్థానం పంపుతుంది. ఏ ఇంజను వెనక ఏ ర్యాకు ఉందో రైల్వే సరుకు సమాచార వ్యవస్థ ఎఫ్ఓఐఎస్‌లో జతచేసి ఉంటుంది. యార్డులో ర్యాకును వదిలి ఇంజను వెళ్లిపోయాక ఆ జత విడదీయడం ఆలస్యమైతే, సామర్లకోటలో నిలబడ్డ మీ బియ్యం అన్నవరం దాటినట్టు కనిపిస్తుంది. లారీలు పిలిచే ముందు మీ సరుకు జాడ వెతికే ఎఫ్ఎన్ఆర్ నంబరుతో చివరి స్టేషన్ నమోదు ఎప్పటిదో చూసుకోండి.

ప్రశ్న: యూరియా ర్యాకులో ఒక వ్యాగన్ రాలేదు. దారిలో సిక్ అయిందన్నారు (నడపడానికి పనికిరాదని తేల్చారట). ఇప్పుడు ఏం చేయాలి?
– ఎరువుల డీలరు, భీమవరం

పట్టాల పక్క పరారుణ సెన్సార్లు దాటిపోతున్న ప్రతి బేరింగు వేడినీ కొలుస్తాయి. ఒక పక్కది రెండో పక్కదాని కంటే బాగా వేడెక్కితే వ్యాగన్‌ను ర్యాకు నుంచి విడదీసి పక్కన పెడతారు. సీలు చెడి గ్రీజు కారిపోవడం, లోపలికి నీరు చేరడం మామూలు కారణాలు. వరదలో ఇరుసుపెట్టె దాకా మునిగిన వ్యాగన్‌ను బేరింగు పరీక్షించకుండా నడపనివ్వరు. చక్రం పట్టాను కొట్టే దెబ్బను కొలిచే సెన్సార్లు ఇంకో రకం. బ్రేకు పట్టేసి చక్రం జారితే ఒకచోట చదునై, ప్రతి తిరుగుడుకూ పట్టాను సుత్తిలా కొడుతుంది. అది పట్టాకూ బేరింగుకూ రెండింటికీ చేటు.

వచ్చినవాటిని దింపుకోండి, ఆపకండి. ఒక్క వ్యాగన్ గడువు దాటినా ఆ గుంపు మొత్తానికీ డెమరేజ్ పడుతుంది. 8 చక్రాల వ్యాగన్‌కు గంటకు 150 రూపాయల మూల రేటు చొప్పున 58 వ్యాగన్ల ర్యాకుకు గంటకు 8,700 రూపాయలు, గంటలో భాగమైనా పూర్తి గంటే. రాని వ్యాగన్ నంబరు, బస్తాల సంఖ్య (యూరియా బస్తా 45 కిలోలు) రాయించి తక్కువ వచ్చినట్టు స్టేషన్‌లో ధ్రువపత్రం తీసుకోండి. సరుకును రైల్వేకు అప్పగించిన తేదీ నుంచి 6 నెలల లోపు 106వ సెక్షన్ కింద క్లెయిము నోటీసు ఇవ్వాలి. వ్యాగన్ వస్తుందిలే అని ఎదురు చూస్తూ ఈ గడువు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

ప్రశ్న: ఐరోపాలో సరుకు బళ్లకు డిజిటల్ ఆటోమేటిక్ కప్లర్ పెడుతున్నారట. మనకూ అది వస్తే షెడ్లలో పని తగ్గుతుందా?
– డిప్లొమా విద్యార్థి, నరసాపురం

అక్కడి సరుకు వ్యాగన్లను ఇప్పటికీ మనిషి మధ్యలోకి దూరి మరతో బిగిస్తాడు. అందుకే వాళ్లకు తొందర. 2021లో షార్ఫెన్‌బర్గ్ అనే కప్లర్ రకాన్ని ఎంచుకున్నారు. తాకగానే ఇనుప కప్లింగు, గాలి గొట్టం, కరెంటు, సమాచారపు తీగ నాలుగూ ఒకేసారి కలుస్తాయి. విడదీయడం మాత్రం మొదటి దశలో ఇంకా చేత్తోనే.

మన సెంటర్ బఫర్ కప్లర్ తాకగానే పట్టుకుంటుంది కాబట్టి మొదటి మెట్టు మనం ఏనాడో ఎక్కాం. గాలి గొట్టాలే చేత్తో కలపాలి. అసలు ఇబ్బంది అక్కడే. గొట్టం కలిపి, గాలిని వదిలే కుళాయి లాంటి యాంగిల్ కాక్ తెరవడం మరిచిపోతే, దాని వెనక వ్యాగన్లన్నిటికీ ఇంజను నుంచి బ్రేకు అందదు. ఇంజను గేజీలో మాత్రం 5 కిలోల ఒత్తిడి నిక్షేపంగా కనిపిస్తుంది! చివర గార్డు ఉండే బ్రేకువ్యాన్ గేజీలోనూ దాదాపు 4.7–4.8 రావాలి, ఇంజనులో ఒత్తిడి తగ్గించగానే అక్కడా తగ్గాలి. 58 వ్యాగన్ల ర్యాకు దాదాపు 640 మీటర్ల పొడవు, పరీక్షించే సిబ్బంది దాన్ని రెండు పక్కలా నడిచి చూడాలి.

వ్యాగన్‌కు కరెంటు, సమాచారపు తీగ వస్తే ఈ పరీక్ష ఇంజనులో కూర్చునే చేయవచ్చు. నా ఉద్దేశంలో డిజిటల్ కప్లర్ వల్ల మనకు కలిగే పెద్ద లాభం ఇదే. కానీ కొత్త కప్లర్ పాతదానితో కలవదు. దేశమంతా తిరిగే వ్యాగన్లలో సగం మారిస్తే ఆ సగం మిగతా సగంతో కలవక మూలనపడతాయి. కాబట్టి ఒకే గనికీ ఒకే ప్లాంటుకూ మధ్య విడిపోకుండా తిరిగే ర్యాకులతో మొదలుపెట్టాలి. ఇవాళ భీమవరం, రేపు ఇంకెక్కడో అన్నట్టు తిరిగే మన బియ్యం ర్యాకుల వంతు చివర్లోనే. బ్రేకువ్యాన్ బదులు చివరి వ్యాగన్‌కు తగిలించి ఒత్తిడిని ఇంజనుకు రేడియోలో పంపే ఈఓటీటీ పరికరానికి కప్లర్లు మార్చక్కర్లేదు. మీ ప్రాజెక్టుకు అంశం వెతుకుతుంటే దాని మీద పని చేయండి.