అభ్యర్థికి చర్చి మైకు ఇవ్వొచ్చా? (సమాధానం)

వందనాలు బ్రదర్. పోలింగ్ ముందు ఆదివారం అభ్యర్థి ఆరాధనలో మాట్లాడతాడని, గెలిస్తే చర్చికి ప్రహరీ కట్టిస్తానన్నాడని, పెద్దలు సరేనన్నారని రాశారు. దీన్ని ఇప్పుడే ఆపించండి.

ముందు చట్టం సంగతి. 1988 నాటి మతసంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం ప్రకారం ప్రార్థనా స్థలాన్ని రాజకీయానికి వాడితే నిర్వాహకులకు ఐదేళ్ల వరకు జైలు, పదివేల వరకు జరిమానా. ఎన్నికలు లేనప్పుడూ ఇది వర్తిస్తుంది. మతం పేరిట ఓటడగడం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) కింద అవినీతి చర్య. ఓటరు మతాన్ని ఎత్తి అడిగినా అంతేనని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. పాస్టర్ గారు "ఎవరికి ఓటేయాలో పేరు చెప్పను, మీకే తెలుసు" అన్నా చిక్కే.

పెద్దలకు చట్టం కన్నా వాక్యం చూపిస్తే త్వరగా అర్థమవుతుంది. నిర్గమకాండము 23:8 లంచం గురించే. ఓటు కోసం ఇచ్చే గోడ లంచం కాక మరేమిటి? దేశం చెడిపోయిందని కన్నీళ్లతో ప్రార్థించే సంఘం శనివారం రాత్రి కవరు తీసుకుంటే ఆ ప్రార్థనకు బలమెక్కడిది? నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

అభ్యర్థి వస్తే అందరిలా కూర్చోనివ్వండి. శాలువా, పరిచయం, మైకు వద్దు. 1 తిమోతి 2:1-2 ప్రకారం అభ్యర్థులందరి కోసం, పేర్లు లేకుండా ప్రార్థించండి. విశ్వాసులు పౌరులుగా పార్టీలో చేరొచ్చు, ప్రచారం చేయొచ్చు, పోటీ చేయొచ్చు. చర్చి ఆవరణ, సంఘం వాట్సాప్ గ్రూపు మాత్రం వాడకూడదు.

డబ్బు పంచుతుంటే ఎన్నికల సంఘం వారి ఫిర్యాదుల యాప్ సీ-విజిల్‌లోనే ఫొటో తీసి పంపండి, గ్యాలరీలోని పాత ఫొటోలు తీసుకోదు. పేరు చెప్పకుండానూ ఫిర్యాదు చేయొచ్చు.