లాక్ అయిన డోర్లు వెంటనే తెరుచుకుంటుంటే మాడ్యూల్ కొనకండి, ముందు డోర్ వైర్లు చూడండి

రిమోట్ నొక్కితే మీ కారు మూడు డోర్లు లాక్ అయి వెంటనే తెరుచుకుంటున్నాయి. డ్రైవర్ డోర్ ఒక్కోసారి అసలు కదలడం లేదు. వాన పడ్డ రోజు ఇంకా ఎక్కువవుతోంది. రిమోట్‌లో సెల్ మార్చారు, ఫ్యూజ్ బాగానే ఉంది, మెకానిక్ మాత్రం మాడ్యూల్ (డోర్ లాకులను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) పోయిందని అంటున్నాడు. ఇదే కదా మీరు రాసింది? అయితే మాడ్యూల్ కొనడం ఇప్పటికి ఆపండి. నా కారుకీ అచ్చం ఇవే లక్షణాలు వచ్చాయి. తేడా మాడ్యూల్‌లో లేదు, డ్రైవర్ డోర్‌కీ బాడీకీ మధ్య వైర్లు వెళ్లే రబ్బరు గొట్టంలో ఉంది.

ముందుగా రిమోట్ మీద అనుమానం వదిలేయండి. మూడు డోర్లు కదిలాయంటే సిగ్నల్ అందింది, కోడ్ సరైనదేనని మాడ్యూల్ ఒప్పుకుంది, రిలేలు (మోటార్లకి కరెంటు వదిలే స్విచ్‌లు) కూడా పడ్డాయి. ఏ డోరూ కదలకుండా, ఇండికేటర్లు కూడా వెలగకుండా ఉంటే అప్పుడు రిమోట్ వైపు చూడాలి. సెల్ బలహీనమైతే ముందు దూరం తగ్గుతుంది, కారు పక్కన నిలబడి నొక్కితేనే పని చేస్తుంది. కొత్త సెల్ వేసినా దూరం పెరగకపోతే డాష్‌క్యామ్ చార్జరు, తర్వాత పెట్టించిన ఎల్‌ఈడీ బల్బుల లాంటివి తీసేసి చూడండి. నాసిరకంవి రిసీవర్‌కి బాగా అడ్డం వస్తాయి. ఇంకో మాట, తాళంతో ఇంజిన్ స్టార్ట్ అవుతోంది కాబట్టి రిమోట్ బాగున్నట్టే అనుకోకూడదు. మామూలు తాళాల్లో ఇంజిన్ స్టార్ట్‌కి అనుమతిచ్చే ఇమ్మొబిలైజర్ చిప్ వేరు, దానికి సెల్‌తో పని లేదు.

ఇక మూసుకున్న డోర్లు ఎందుకు తెరుచుకుంటున్నాయో చూద్దాం. చాలా సెంట్రల్ లాకింగ్ వ్యవస్థల్లో, బయట బిగించుకున్న కిట్లలో మరీ ఎక్కువగా, డ్రైవర్ డోర్ యాక్చుయేటర్‌కి (లాక్‌ని కదిలించే మోటారు యూనిట్) ఐదు వైర్లు, మిగతావాటికి రెండేసి వైర్లు ఉంటాయి. అన్నిట్లోనూ రెండు వైర్లు మోటారువి. కరెంటు ఒక వైపు నుంచి వెళ్తే లాక్, తిరగేస్తే అన్‌లాక్. డ్రైవర్ డోర్‌లో మిగిలిన మూడూ లోపలి స్విచ్‌వి. లాక్ లివర్ ఇప్పుడు ఏ స్థితిలో ఉందో మాడ్యూల్‌కి చెప్పేవి అవే. డ్రైవర్ డోర్ మోటారుకి సరిపడా కరెంటు అందకపోతే లివర్ సగం దాకా వెళ్లి వెనక్కి వచ్చేస్తుంది. డ్రైవరే చేత్తో లాక్ తీశాడేమో అని మాడ్యూల్ మిగతా డోర్లనూ తెరిచేస్తుంది. అంటే మాడ్యూల్ తన పని తాను సరిగ్గానే చేస్తోంది. డోర్ సరిగ్గా పడలేదని తప్పుడు సమాచారం వెళ్లినా ఇలాగే జరుగుతుంది. డోర్ స్విచ్ లాక్‌లోనే ఉండే కార్లలో ఆ వైరు కూడా అదే గొట్టంలోంచి వెళ్తుంది.

డోర్ తెరిచి మూసిన ప్రతిసారీ ఆ గొట్టంలో వైర్లు ఒకే చోట వంగుతాయి. అన్నిట్లోకీ ఎక్కువగా తెరిచేది డ్రైవర్ డోరే కాబట్టి ముందు తెగేదీ అక్కడే. లోపలి రాగి పోగులు ఒక్కొక్కటిగా తెగుతాయి గానీ పైన ప్లాస్టిక్ తొడుగు చెక్కుచెదరదు. అందుకే పైపైన చూసి బాగున్నాయని అనేస్తారు. కళ్లతో చూస్తే సరిపోదు. పిల్లర్ (డోర్ కీళ్లుండే బాడీ స్తంభం) వైపు గొట్టం ఊడదీసి వెనక్కి జరపండి. ఒక్కో వైరునూ రెండు చేతుల వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగండి. బాగున్న వైరు బిగుసుకుని నిలుస్తుంది. లోపల తెగిన వైరు రబ్బరు బ్యాండులా సాగుతుంది. నా కారులో లాక్ మోటారు వైరు ఒకటి అలా సాగింది. తొడుగు కోసి చూస్తే ఒకటి రెండు పోగులు మిగిలాయి, మిగతాదంతా పచ్చటి పొడి. నీళ్లు చేరి రాగి చిలుము పట్టింది. వాన రోజుల్లో ఎక్కువవుతోందని మీరు రాయగానే నాకు గుర్తొచ్చింది అదే.

మీ మెకానిక్ మీటర్ పెట్టి 12 వోల్టులు వస్తున్నాయి, వైరు బాగుంది అని ఉంటాడు. దాదాపు అందరూ మోసపోయేది ఇక్కడే. మల్టీమీటర్ లాక్కునే కరెంటు చాలా స్వల్పం, ఒక్క పోగు మిగిలున్నా పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. మోటారుకి మాత్రం ఆంపియర్లలో కావాలి, ఆ ఒక్క పోగు అంత మోయలేదు. అందుకని డోర్ ప్యాడ్ (డోర్ లోపలి పలక) తీసి, యాక్చుయేటర్ కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్) ఊడదీసి, మోటారు వైర్ల మధ్య 21 వాట్ల బ్రేక్ లైట్ బల్బు పెట్టండి. ఇంకొకరిని పక్క డోర్ దగ్గరి స్విచ్‌తోనో రిమోట్‌తోనో లాక్, అన్‌లాక్ నొక్కమనండి. కరెంటు క్షణకాలమే వస్తుంది కాబట్టి బల్బు మీంచి చూపు తిప్పకండి. రెండుసార్లూ ధగ్గుమని వెలిగితే వైర్లు బాగున్నట్టు. మసకగా వెలిగినా, అసలు వెలగకపోయినా చాలావరకు గొట్టంలోనే తేడా. వచ్చే దారీ పోయే దారీ ఈ రెండు వైర్లే, కాబట్టి ఒకటి దొరికిందని రెండోది వదిలేయకండి.

పని మొదలుపెట్టే ముందు కిటికీ అద్దం దించండి, తాళం మీ దగ్గరే ఉంచుకోండి. మధ్యలో డోర్లు వాటంతటవే లాక్ అయిపోయే అవకాశం ఉంది. వైర్లు కోసేటప్పుడు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. డోర్‌లోకి పసుపు రంగు కప్లర్‌తోనో పసుపు తొడుగుతోనో వైర్లు వెళ్తుంటే అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి. వాటికి బల్బు గానీ మీటర్ గానీ పెట్టకండి.

తెగిన చోటనే మెలిపెట్టి టేపు చుడితే మళ్లీ అక్కడే తెగుతుంది. వంగే భాగం మొత్తం తీసేసి, అదే మందంలో సన్న పోగులున్న మెత్తటి వైరు వేయండి. అతుకులు గొట్టం లోపల కాకుండా రెండు చివర్లా బయట, వంపు పడని చోట పడాలి. సోల్డర్ చేసిన చోట వైరు గట్టిపడి దాని పక్కనే విరుగుతుంది, అందుకే ఇక్కడ నేను క్రింప్ చేసి (చిన్న లోహపు గొట్టంలో పెట్టి నొక్కి బిగించి) పైన వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ తొడుగు వేయడమే మేలంటాను. గొట్టం చిరిగి ఉంటే అదీ మార్చండి. డోర్ ప్యాడ్ వెనకాల ప్లాస్టిక్ షీటు అంటుకునే ఉందో లేదో చూడండి, అది ఊడితే కప్లర్ల మీద నీళ్లు పడతాయి.

వైర్లన్నీ బాగున్నాయని తేలితే, కప్లర్ ఊడదీసి ఉండగానే యాక్చుయేటర్ మోటారుకి ఫ్యూజ్ ఉన్న వైరుతో 12 వోల్టులు క్షణం సేపు నేరుగా ఇవ్వండి. లివర్ ఠక్కున కదలాలి. మూలుగుతూ కదిలినా, మధ్యలో ఆగినా యాక్చుయేటర్ మార్చాలి. అదీ బాగుంటే మాడ్యూల్ దగ్గరికి వెళ్లండి. అక్కడ కూడా ముందు కప్లర్ పిన్నులకి చిలుము పట్టిందేమో, ఎర్త్ బోల్టు వదులైందేమో చూడండి. ఇన్ని చూశాక కూడా మాడ్యూల్ మార్చక తప్పకపోతే, కొత్త దానికి మీ రిమోట్లను మళ్లీ జత చేయాలి. ఆ పని వాళ్లే చేసిస్తారో లేదో కొనే ముందే కనుక్కోండి.